పిడకలు కొట్టడానికా ఎమ్మెస్సీ చదివింది?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఉద్యోగం వదిలేసి సొంత వ్యాపారంలో లక్షలు సంపాదిస్తున్నవాళ్ల గురించి మీ పేపర్లో వచ్చే కథనాలు వదలకుండా చదువుతాను. చదివిన ప్రతిసారీ కొంచెం చిరాకు కూడా వస్తుంది, ఎందుకో చెప్తాను.

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. మండపేట దగ్గర మా ఊళ్లో నాలుగేళ్లుగా ఆవు పిడకలు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. నవ్వుకోండి, పర్లేదు, మా వీధి వీధంతా నవ్వింది. "పిడకలు కొట్టడానికా ఇంత చదివించింది" అని మా నాన్న నెలరోజులు ఫోన్ ఎత్తలేదు. మా ఆయన్ని స్నేహితులు 'పిడకల ఓనరు' అని పిలిచేవారు. రామాయణంలో పిడకల వేట అంటారు కదా, మా ఇంట్లో పిడకల వేటే రామాయణమైంది.

అసలు గిరాకీ భోగికి. అప్పుడేమో మంచు, ఎండ ఉండదు. అందుకని మార్చి నుంచి మే లోపే కొట్టి, ఎండబెట్టి, అటకెక్కించాలి. మొదటి ఏడాది ఈ సంగతి తెలియక డిసెంబరులో చేసిన భోగి పిడకల దండలు బెంగళూరు పంపితే, పెట్టె విప్పేసరికి బూజు! డబ్బులు వెనక్కిచ్చాను. పైకి ఎండినట్టే ఉంటుంది, నడిమధ్య చెమ్మ ఉంటుంది, విరిస్తే టక్‌మని విరగాలి. ఈ ముక్క చెప్పింది మా పాలేరు భార్య, నా కెమిస్ట్రీ కాదు.

బ్యాంకుకెళ్తే ఇంకో కథ. చిన్న వ్యాపారాలకిచ్చే కేంద్ర ప్రభుత్వ ముద్రా రుణాల్లో 'శిశు' రకం కింద 50 వేల దాకా పూచీకత్తు లేకుండా ఇస్తారు. "వ్యాపారం ఏంటమ్మా" అన్నారు అక్కడి ఆఫీసరు, చెప్పాను, ఆయన పెన్ను కింద పెట్టి పక్క సీటాయన వైపు చూశారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు మాత్రం ఆధార్‌తో పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే అయిపోయింది. తర్వాత తెలిసింది, వేరే రాష్ట్రానికి సరుకు అమ్మేముందు జీఎస్టీ నంబరు కావాలో లేదో కూడా కనుక్కోవాలని. నలుగురూ ఏమనుకుంటారో అని పడ్డ టెన్షన్లో సగం ఇలాంటివి తెలుసుకోవడం మీద పెట్టి ఉంటే ఒక సీజన్ నష్టం తప్పేది. ఆ నలుగురిలో ఒక్కరూ నా నష్టంలో రూపాయి పంచుకోలేదు, అది వేరే విషయం.

ఇప్పుడు నా చిరాకు సంగతి. 'నెలకు ఇన్ని లక్షలు' అని మీరు పెద్దక్షరాల్లో వేస్తే, మా వీధివాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న "నీకెంతొస్తుంది?" తక్కువ చెప్తే మళ్లీ నవ్వు. అంటే పని మంచిదా కాదా అన్నది అంకె చూసి తేలుస్తున్నాం. కోయంబత్తూరు మురుగనాథం గారు చవకగా శానిటరీ ప్యాడ్లు తయారుచేసే యంత్రం కోసం తిప్పలు పడుతున్న రోజుల్లో భార్యా తల్లీ ఇల్లు వదిలి వెళ్లిపోయారు, ఊరంతా పిచ్చోడంది. 2016లో పద్మశ్రీ వచ్చాక అదే మనిషి గురించి అందరూ రాశారు. ఆ మధ్యలో ఉన్న ఏళ్ల గురించి కూడా, ఇంకా లాభం రానివాళ్ల దగ్గరికి కూడా మీ విలేకరులు వెళ్లాలని నా కోరిక.

మా దగ్గరికి వచ్చేట్టయితే ఏప్రిల్‌లో పంపండి, పెరడంతా పిడకలే ఉంటాయి. సంక్రాంతికి వస్తే ఖాళీ అటక తప్ప ఏమీ కనపడదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, మండపేట మండలం