ముంపు ఊళ్ల అమ్మవార్ల చరిత్రను రాసిపెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ప్రాచీన ఈజిప్టు దేవతలపై వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. అక్కడి అమ్మవార్ల ఆరాధన క్రైస్తవం రాకతో అంతరించిందని, ఇప్పుడు మిగిలింది మ్యూజియంలలోని బొమ్మలేనని వ్యాసకర్త తేల్చారు. నేను ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని, శ్రీశైలం ముంపులో పోయిన ఒక ఊరి మనవరాలిని. ఆ రెండు విధాలా ఈ మాటను ఒప్పుకోలేక ఈ లేఖ రాస్తున్నాను.

ఆ ఈజిప్టు అమ్మవార్లలో ఒకరైన ఐసిస్ పేరు వినగానే నేటి పిల్లలకు ఒక ఉగ్రవాద ముఠా గుర్తుకు రావడం నాకు బాధ కలిగిస్తుంది. హతుడైన భర్త ఒసైరిస్ శరీరాన్ని ముక్క ముక్కగా వెతికి కూర్చిన ఇల్లాలు ఆమె. కొడుకు హోరస్‌ను శత్రువు కంట పడకుండా నైలు జమ్ముపొదల్లో దాచి పెంచిన తల్లి. ఏ ఇంటి ఆడమనిషికైనా అర్థమయ్యే కష్టం అది. అందుకే కాబోలు, ఆ తల్లి ఫారోల గుళ్లు దాటి నావికుల వెంట, వర్తకుల వెంట దేశాలు తిరిగింది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన పాంపేయి పట్టణంలో ఆమెకు గుడి ఉండేది. రోమన్ రాజ్యంలో మార్చి 5న, సముద్ర ప్రయాణాలు మొదలయ్యే వేళ, ఆమె పేర ఒక పడవను అలంకరించి నీళ్లలోకి వదిలేవారు.

ఆ దారి మన వైపుకూ వచ్చింది. ఎర్రసముద్రపు ఒడ్డున బెరెనికె అనే పాత రేవు ఉంది. అక్కడి ఐసిస్ గుడిలో 71 సెంటీమీటర్ల బుద్ధుడి విగ్రహం, ఒక సంస్కృత శాసనం, రెండు శాతవాహన నాణేలు దొరికినట్లు 2023లో ఈజిప్టు ప్రభుత్వం ప్రకటించింది. మన నేలను ఏలిన రాజుల నాణేలు ఆ తల్లి గుడిదాకా వెళ్లాయి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లి మట్టిలో వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. అంతమాత్రాన ఐసిస్, అలంపురం జోగులాంబ ఒకరేనని కొందరు ఉత్సాహంగా చెప్పే మాటకు ఆధారం లేదు. వర్తకం జరిగిందనడానికి రుజువులున్నాయి, అంతవరకే మనం చెప్పగలం.

ఇక అంతరించడం సంగతి. నైలు నదిలోని ఫీలే ద్వీపంలో ఆమె పెద్ద గుడి ఉండేది. రోమ్ చక్రవర్తులు పాత పూజలను నిషేధించిన తర్వాత కూడా, 394 ఆగస్టు 24న, ఆ గుడి పూజారి ఎస్మెత్ అఖోమ్ గోడమీద బొమ్మల లిపిలో నాలుగు మాటలు చెక్కాడు. మనకు తెలిసినంతలో ఆ లిపిలో చివరి రాత అదే. మరో అరవై ఏళ్లకు ఈజిప్టుకు దక్షిణాన ఉన్న తెగలవాళ్లు రోమన్లతో సంధి చేసుకుంటూ, అమ్మవారి విగ్రహాన్ని తమ ప్రాంతానికి తీసుకుపోయి మళ్లీ తెచ్చి అప్పగించే హక్కును ఒప్పందంలో రాయించుకున్నారు. జాతరకు అమ్మవారిని ఊరు దాటించి తీసుకుపోయి తిరిగి గద్దె మీద నిలిపే మనకు ఆ పట్టుదల కొత్తగా అనిపించదు. ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి ఆ గుడిని మూయించాడు. అయినా ‘ఐసిస్ ఇచ్చినవాడు’ అని అర్థమిచ్చే ఇసిడోర్ అనే పేరును క్రైస్తవులు సైతం పెట్టుకుంటూనే వచ్చారు, మన ఊళ్లలో పోచయ్య, మైసయ్య, ఎల్లయ్య ఉన్నట్లే. బిడ్డకు పాలిచ్చే ఐసిస్ ప్రతిమకూ, బాలయేసును ఒడిలో పెట్టుకున్న మరియ చిత్రానికీ ఉన్న పోలికపై పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

ఆస్వాన్ ఆనకట్టల వల్ల ఫీలే మునిగే పరిస్థితి వచ్చినప్పుడు, 1970 దశకంలో, ఆ గుడిని సుమారు నలభై వేల రాళ్లుగా విప్పి పక్కనున్న అగిల్కియా ద్వీపంపై తిరిగి కట్టారు. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని కూడా ఇదే విధంగా విప్పి అలంపురంలో నిలబెట్టారు. ఆ పని చేసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

మా అమ్మమ్మ ఊరి పోచమ్మ రాయికి మాత్రం అలా తరలించి నిలబెట్టేందుకు ఎవరూ అంకెలు వేయలేదు. వేపచెట్టు కింద మోకాలెత్తు రాయి అది. ఊరు ఖాళీ చేసే రోజున ఆడవాళ్లే పసుపునీళ్లతో కడిగి, కొత్త రవికగుడ్డ చుట్టి, కింది మట్టి ఒక గంపెడు తవ్వుకుని ఎడ్లబండిలో పెట్టుకొచ్చారు. కొత్త ఊరిలో ఆ మట్టిలోనే వేపమొక్క నాటారు. ఇప్పటికీ ఎండాకాలం నీళ్లు తగ్గి పాత గోడల మొదళ్లు తేలినప్పుడు, మా అమ్మ వాళ్లు ముందు అక్కడికే పోయి సాక పోసి, తర్వాతే కొత్త గుడికి బోనం ఎత్తుతారు. ఎందుకలా అని అడిగితే ‘‘తల్లి సగం అక్కడే ఉన్నది గదా’’ అంటుంది అమ్మ. ఈ మాట ఏ పుస్తకంలోనూ లేదు, ఏ గోడ మీదా చెక్కలేదు. ఆ పాత జాతర కళ్లారా చూసినవాళ్లు మా వాడలో ఇద్దరే మిగిలారు.

కాబట్టి నా మనవి ఒకటే. అలంపురం మ్యూజియంలో ముంపు ఊళ్ల గ్రామదేవతలకు ఒక గది కేటాయించాలని, పాలమూరు విశ్వవిద్యాలయ చరిత్ర విద్యార్థులను పునరావాస గ్రామాలకు పంపి ఆ కథలు, పాటలు, పూజావిధానాలు చెప్పినవాళ్ల పేర్లతో సహా రాయించాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను. అలాంటి పని ఎవరు మొదలుపెట్టినా, అమ్మ పాడిన పోచమ్మ పాటలు పదకొండు నా ఫోన్‌లో రికార్డు చేసి ఉన్నాయి, ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
గద్వాల, జోగులాంబ గద్వాల జిల్లా.