రోడ్ బైక్ కొనబోయేవాళ్లకు: గేర్లు, బ్రేకులు

అందరికీ నమస్కారం. షిమానో కంపెనీ గేర్ సెట్లలో క్లారిస్ తీసుకోవాలా, సోరానా, టియాగ్రానా అని చాలామంది అడుగుతున్నారు. వెనక గేర్లు వరుసగా 8, 9, 10. కానీ పేరు కంటే ముందు క్యాసెట్‌లో, అంటే వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల గుత్తిలో, పెద్దదానికి ఎన్ని పళ్లున్నాయో చూడండి. ముందు చిన్న చెయిన్‌రింగ్‌కి (పెడల్ దగ్గరి పళ్ల చక్రం) 34 పళ్లు, వెనక 28 అయితే పెడల్ ఒక చుట్టు తిరిగితే బైక్ వెనక చక్రం 1.21 చుట్లు తిరుగుతుంది. వెనక కూడా 34 అయితే సరిగ్గా ఒక్కటే, అంటే తొక్కడం తేలిక. అనంతగిరి ఎక్కేటప్పుడు ఈ తేడా మోకాళ్లకు బాగా తెలుస్తుంది. తర్వాత మార్చుకుందాంలే అనుకుంటే, డీరైలర్ (చెయిన్‌ని ఒక గేర్ నుంచి ఇంకో గేర్‌కి మార్చే భాగం) అంత పెద్ద క్యాసెట్‌కి సరిపోతుందో లేదో ముందే కనుక్కోండి.

బ్రేకుల దగ్గర మాత్రం తొందరపడొద్దు. రిమ్ బ్రేక్ (చక్రం అంచుని పట్టి ఆపేది) ఫ్రేమ్‌కి తర్వాత డిస్క్ బ్రేక్ (చక్రం మధ్యలోని లోహపు డిస్క్‌ని పట్టి ఆపేది) పెట్టించడం దాదాపు కుదరని పని. కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేక్ అయితే షాపులోనే లివర్ నెమ్మదిగా నొక్కుతూ కాలిపర్‌ని (డిస్క్‌కి రెండు వైపులా ప్యాడ్లు ఉండే భాగం) పైనుంచి చూడండి. చవక వాటిలో చాలావరకు ఒక ప్యాడే కదిలి, డిస్క్‌ని అవతలి ప్యాడ్ మీదికి వంచుతుంది. రెండూ కదిలేది దొరికితే అదే తీసుకోండి. హైడ్రాలిక్ (కేబుల్ బదులు ఆయిల్‌తో పనిచేసేది) అయితే షిమానోకి మినరల్ ఆయిలే పోయాలి, డాట్ ఫ్లూయిడ్ (కార్లు, మోటార్‌బైకుల్లో వాడే బ్రేక్ ఆయిల్) పోస్తే సీళ్లు పాడైపోతాయి.

బడ్జెట్ టైట్‌గా ఉంటే నా ఓటు క్లారిస్ ప్లస్ మంచి బ్రేకులకే. మీరు చూసిన మోడల్ ఫోటోలు ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.