23 రోజులు

అమ్మలూ,

ఈ ఉత్తరం అట్టపెట్టె అడుగున పెడుతున్నాను, పచ్చడి నూనె అంటకుండా రెండు కవర్లు చుట్టి. ముందు కందిపొడి తీసి గాజు సీసాలో పోసుకో, ప్లాస్టిక్ డబ్బాలో ఉంటే వాసన మారిపోతుందని అమ్మ మరీ మరీ చెప్పమంది. నీకు కడుపులో మంట అన్నావని గోంగూరలో ఈసారి కారం తగ్గించింది. బి12 మాత్రలు అయిపోయి ఉంటాయని రెండు షీట్లు పెట్టాను. రాత్రి అన్నం తిన్నాక వేసుకో. అన్నం అంటే అన్నమే, పన్నెండింటికి ఇంటికి తెప్పించుకునే బర్గర్ కాదు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. బాబికి పరీక్షలు, పుస్తకం ముందు కూర్చుంటున్నాడు గానీ చదువుతున్నాడో లేదో నాకు తెలియడం లేదు. కృష్ణలంక అత్త మోకాలు అలాగే ఉంది. వెనకింటి వాళ్లు వేపచెట్టు కొట్టించేశారు, మధ్యాహ్నం నీ గదిలోకి ఎండ నేరుగా వచ్చేస్తోంది, పరదా కుట్టించాలి.

నువ్వు నాతో మాట్లాడి ఇవాళ్టికి 23 రోజులు. అమ్మతో రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేస్తున్నావు, నాన్నకివ్వనా అంటే మీటింగ్ అంటున్నావట. పని ఉంటుంది, నాకు తెలుసు. సరే, అది వదిలెయ్.

మొన్న శనివారం ఇంటిపన్ను రసీదు స్కాన్ చేసిందేమైనా ఉందేమోనని నీ పాత లాప్‌టాప్ తెరిస్తే అందులో ఆ సినిమా కనబడింది. '500 డేస్ ఆఫ్ సమ్మర్'. 2020 లాక్‌డౌన్‌లో నువ్వు పట్టుబట్టి పెడితే నేను సగంలో నిద్రపోయాను, గుర్తుందా, నీకు కోపం వచ్చి రెండు రోజులు నాకు టీ పెట్టలేదు. ఈసారి మొత్తం చూశాను. ఎక్కువ లేదు, గంటన్నర పైన ఐదు నిమిషాలు. మాటలు అందని చోట ఆపి, కింద అక్షరాలు చదువుకుని, మళ్లీ నడిపించుకున్నాను. ఆదివారం ఇంకోసారి చూశాను. 2009లో వచ్చిందట, ఆ డైరెక్టర్ మార్క్ వెబ్‌కి అదే మొదటి సినిమా అని, తర్వాత స్పైడర్‌మ్యాన్ తీశాడని బాబి చెప్పాడు.

నేను ఒప్పుకోవాల్సింది ఏమిటంటే, మొదటిసారి చూసినప్పుడు నేను పూర్తిగా ఆ టామ్ పక్షాన ఉన్నాను. పాపం, బిల్డింగులు కట్టే చదువు చదివి గ్రీటింగ్ కార్డుల మీద మాటలు రాసే ఉద్యోగంలో పడ్డాడు. ఆఫీసులోకి ఆ సమ్మర్ అనే పిల్ల వచ్చింది, నవ్వింది, చెయ్యి పట్టుకుంది, ఊరంతా తిరిగింది, 290వ రోజు హోటల్లో పాన్‌కేకులు ముందు పెట్టుకుని ఇంక మనం కలవద్దు అంది. చివరికి వేరే ఎవరినో పెళ్లి చేసుకుంది. ఎంత అన్యాయం అనుకున్నాను, లాప్‌టాప్ మూసేసి అమ్మతో కూడా అదే అన్నాను. రోజులు వరసగా ఉండకపోవడం మాత్రం మొదట చిరాకు పెట్టింది, 488 అంటాడు, ఒకటి అంటాడు, మళ్లీ 290 అంటాడు. కాసేపయ్యాక అర్థమైంది, బాధలో ఉన్న మనిషికి రోజులు అలాగే గుర్తొస్తాయి. మామ్మ పోయాక నాకూ అలాగే అయింది, ఆస్పత్రీ, నా చిన్నప్పటి చద్దన్నమూ ఒకదాని పక్కన ఒకటి.

రెండోసారి చూస్తున్నప్పుడు ఐకియా అనే ఫర్నిచర్ షాపు సీను దగ్గర ఆపేశాను. వాళ్లిద్దరూ ఆ షాపులో మొగుడూ పెళ్లాల్లాగా ఆడుకుంటారు కదా, ఇది మన వంటిల్లు, ఇది మన మంచం అని. ఆ ఆట మధ్యలోనే ఆ పిల్ల చెప్పేస్తుంది, నాకు ఇప్పుడు గట్టి సంబంధం ఏదీ వద్దు, నీకు ఫర్వాలేదా అని. వీడు ఫర్వాలేదంటాడు. అది 34వ రోజు. అంతకు ముందే పాటలు పాడుకునే ఆ బార్లోనూ చెప్పింది, తనకు ప్రేమ మీద నమ్మకం లేదని. మొదటిసారి చూసినప్పుడు ఈ రెండు మాటలూ నేను విన్నాను. విని కూడా పక్కన పెట్టేశాను, టామ్ చేసినట్టే.

హైదరాబాద్ ఐకియాకి మనం వెళ్లింది గుర్తొచ్చింది అప్పుడు. నువ్వూ అమ్మా నేనూ, వంశీ. అమ్మ కాళ్లు నొప్పులంటే ఆ అబ్బాయి ప్రతి సోఫా దగ్గరా కూర్చోబెట్టి, నీళ్లు పట్టుకొచ్చి, సంచి తనే మోశాడు. నేను వెనక నడుస్తూ మనసులో అంతా కట్టేసుకున్నాను. ఏ సోఫా మీ ఇంటికి, కల్యాణమండపం ఎక్కడ, భోజనాలు ఎవరికి చెప్పాలి. కిందకి వచ్చాక కారు దగ్గర నువ్వు నన్ను పక్కకి పిలిచి, నాన్నా మేమింకా ఏమీ అనుకోలేదు, నువ్వు ఎవరితోనూ అనకు అన్నావు. నేను సరే అన్నాను. వారం తిరక్కుండా చిట్టి అత్తకి చెప్పాను, నూజివీడు బాబాయికి చెప్పాను, సత్యనారాయణపురంలో మండపం అద్దె ఎంతో కూడా కనుక్కున్నాను.

ఆ సినిమాలో తెర రెండుగా చీలే చోటు ఉంది చూడు. సమ్మర్ డాబా మీద పార్టీకి వీడు వెళ్తాడు, ఎడమ పక్కన వాడు అనుకున్నది, కుడి పక్కన జరుగుతున్నది. ఎడమ పక్కన ముద్దులు, కుడి పక్కన ఒంటరిగా గ్లాసు పట్టుకుని నిలబడ్డ మనిషి. చివరికి ఆ పిల్ల వేలికి ఉంగరం కనబడుతుంది. అక్కడ నాకు గొంతు పట్టుకుంది, కానీ టామ్ కోసం కాదు. మీ రాంబాబాయి గుర్తొచ్చాడు.

ఇది నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. 1988లో బాబాయి గవర్నర్‌పేటలో టైపు హయ్యర్ పరీక్షకి నేర్చుకోవడానికి వెళ్లేవాడు, ఉదయం ఆరున్నర బ్యాచ్. పక్క మిషన్ మీద ఒక అమ్మాయి, బందరు వాళ్లది, ఇక్కడ పెద్దమ్మగారింట్లో ఉండి నేర్చుకునేది. ఏడింటికి ముందు లేవని మనిషి ఐదింటికే లేచి తలస్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. ఆ అమ్మాయి మిషన్‌లో రిబ్బన్ ఇరుక్కుంటే ఈయనే తీసేవాడు. ఒక వానరోజు గొడుగు ఆమెకిచ్చి తను తడిసొచ్చి నాలుగు రోజులు జ్వరంతో పడుకున్నాడు. రాత్రి డాబా మీద పక్కలు వేసుకున్నాక నాకు చెప్పేవాడు, ఇవాళ నవ్విందన్నయ్యా, ఇవాళ కార్బన్ కాగితం అడిగిందన్నయ్యా అని. వింటూ వింటూ నేనూ ఆమెని మన ఇంటి కోడలు చేసేసుకున్నాను, మామ్మకి కూడా చెవిన వేశాను. మామ్మ పేరు అడిగి, నక్షత్రం అడిగింది.

ఆ మరుసటేడు ఆ అమ్మాయి పెళ్లి శుభలేఖ వచ్చింది. రాకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు, వెళ్లొద్దురా అన్నాను, వినలేదు. రెండు నెలలు దాచిన డబ్బుతో గోడగడియారం కొన్నాడు. మే నెల ఎండలో ఆ గడియారం ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాడు, పక్కన నేను. పామర్రులో బస్సు ఆగితే సోడా తాగమన్నా తాగలేదు. నన్ను చూస్తే ఆమె మనసు మారుతుందేమో అన్నయ్యా అన్నాడు, పందిట్లోకి వెళ్లబోతూ. ఆ అమ్మాయి పీటల మీంచి లేచాక మా దగ్గరికి వచ్చి, ఇంత దూరం వచ్చారండీ, భోంచెయ్యకుండా వెళ్లకూడదు అని వాళ్లన్నయ్యని పిలిచి మమ్మల్ని బంతిలో కూర్చోబెట్టించింది. బాబాయి విస్తట్లో అన్నం కలిపాడు, అంతే, తినలేదు. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నవాడు విజయవాడ వచ్చేదాకా తల తిప్పలేదు. ఆ తర్వాత మన ఇంట్లో ఆ అమ్మాయికి పేరు లేకుండా పోయింది, బందరు మాయలాడి అనేది మామ్మ. నేనూ అన్నాను. మా తమ్ముణ్ణి ఆడించి వదిలేసిందని నలుగురిలో అన్నాను.

ఆదివారం సినిమా అయ్యాక బాబాయికి ఫోన్ చేశాను. ఎందుకడిగానో చెప్పలేదు, ఆ అమ్మాయి నీకెప్పుడైనా ఏమైనా చెప్పిందట్రా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, రెండో నెల్లోనే చెప్పింది అన్నయ్యా, నాకలాంటి ఉద్దేశం లేదండీ అంది, ఆ ముక్క నేను ఇంట్లో చెప్పలేదు అన్నాడు. ఇన్నేళ్లూ ఇంటిల్లిపాదీ తిట్టుకున్నాం తల్లీ ఆమెని.

మా రోజుల్లో సినిమాలు కూడా అలాగే చూపించాయి. 1953 నాటి దేవదాసు చూసి నాగేశ్వరరావుతో పాటు ఏడవని ఇల్లు లేదు, పార్వతికి ఎలా ఉందో అడిగినవాళ్లు తక్కువ. నువ్వే ఒకసారి చెప్పావు, ఏ మాయ చేశావెలో తెలుగువాళ్లకి పెళ్లి చేసి చూపించి, అదే కథకి తమిళంలో ఇద్దర్నీ విడదీశారని. అప్పుడు నేను మనదే బాగుందన్నాను.

ఈ సినిమాలోనూ నాకు నచ్చనిది ఒకటుంది. కథంతా టామ్ కళ్లతోనే నడుస్తుంది. సినిమా హాల్లో సమ్మర్ వెక్కి వెక్కి ఏడుస్తుంది, పక్కనున్నవాడికి ఎందుకో అర్థం కాదు, మనకీ చెప్పరు. చివర్లో 'ఆటమ్' అనే ఇంకో పిల్లని తెచ్చి అంకె మళ్లీ ఒకటికి తిప్పడం కూడా నాకు రుచించలేదు, అంత తొందర ఏమొచ్చింది. అంతకు ముందు వాడు ఉద్యోగం మానేసి, గదిలో నల్లబోర్డు గోడ మీద బిల్డింగుల బొమ్మలు గీసుకునే భాగం ఉంది, అది ఇంకాసేపు ఉంచాల్సింది. వీళ్లందరిలో బుద్ధున్నది వాడి చిట్టి చెల్లెలికే.

భోగి రోజు తెల్లవారుజామున నువ్వు మేడ మీది గదిలో ఏడ్చావు. మంట పొగ అన్నావు. నేను నమ్మాను. వంశీ కింద పిల్లలతో పిడకల దండ పట్టుకుని ఫోటోలు దిగుతున్నాడు, నేను ఆ ఫోటోలు చూసుకుంటూ ఉండిపోయాను.

ఆ తర్వాత, నువ్వు వంశీని వద్దన్నావని స్వాతి చెప్పిందంటూ చిట్టి అత్త చెప్పగానే, ఏమీ అడక్కుండా, అంత మంచి కుర్రాణ్ణి ఎందుకు ఏడిపించావు అన్నాను. సరే నాన్నా ఉంటా అని పెట్టేశావు. నీకెలా ఉందని నేను అడగలేదు. తప్పు నాది. ఆ అబ్బాయి మంచివాడే, ఇప్పటికీ అంటాను, మంచివాడు కాబట్టి నీకు ఇష్టం అయి తీరాలని ఎక్కడా లేదు.

నీతులు చెప్పకూడదనే రాయడానికి కూర్చున్నాను. అయినా చెప్తున్నాను, విను. అతను ఇంకా అడుగుతుంటే అర్థమయ్యేలా ఒక్కసారి ఎదురుగా కూర్చుని చెప్పు, ఎవరినైనా తోడు తీసుకెళ్లు, రాత్రి పూట మెసేజ్‌ల్లో వాదించుకోకండి. అతని వస్తువులు ఏమైనా ఉంటే ఇచ్చెయ్యి, డబ్బు లెక్కలు ఉంటే ముందు తేల్చెయ్యి, కావాలంటే నేను పంపిస్తాను. రెండింటిదాకా మేలుకుని పాత ఫోటోలు చూడకు. చుట్టాలు ఏమైనా అంటే నాకు చెప్పు, చిట్టి అత్తకి నేను ఇప్పటికే చెప్పాను, మా అమ్మాయి విషయం మా అమ్మాయి ఇష్టం అని. ఆమెకి కోపం వచ్చింది, రానీ. వానాకాలం బండి మీద ఆ ఫ్లైఓవర్ ఎక్కకు, హెల్మెట్ క్లిప్పు పెట్టుకో, ఊరికే తల మీద పెట్టుకోవడం కాదు. జుట్టు ఊడుతోందన్నావు, కొబ్బరినూనె కూడా పెట్టాను.

పరదా ఏ రంగు కుట్టించాలో చెప్పు. అమ్మ లేత ఆకుపచ్చ అంటోంది, నీకు నచ్చదేమో అని ఆపాను. ఫోన్ చెయ్యబుద్ధి కాకపోతే పెట్టె అందిందని ఒక మెసేజ్ పెట్టు, చాలు. నేను రాత్రి పదిన్నరదాకా మేలుకునే ఉంటున్నాను. మాగాయ సీసా మూత గట్టిగా బిగిసింది, వేడినీళ్లలో కాసేపు ఉంచి తిప్పు, కత్తి పెట్టి తియ్యకు, చెయ్యి తెగుతుంది.

నాన్న