సంక్రాంతికి రావలసిన చిత్రాల గురించి మా ఖాతాదారులకు

సంక్రాంతి లోపు మీ ఇంటికి చేరుస్తామని అడ్వాన్సు తీసుకున్న కాన్వాస్ చిత్రాలలో చాలా భాగం ఆ గడువుకు రావు. సరుకు రాక కాదు, వచ్చిన సరుకును మీ చేతిలో పెట్టడానికి మాకు మనసు ఒప్పక. నెల్లూరులో ఈ దుకాణం తెరిచిన నాటి నుంచి గృహప్రవేశం అయినా పిల్లల పెళ్లి అయినా చిత్రం మా దగ్గరే తీసుకోవాలని పట్టుబట్టే మీకు, ఈ సంగతి మరొకరి నోట తెలియడం ధర్మం కాదని జరిగినది జరిగినట్టుగా రాస్తున్నాము.

మా దగ్గర ఉండే చిత్రాలు రెండు దారుల్లో వస్తాయని మీలో చాలామందికి తెలుసు. పులికాట్ కొంగలు, పెన్న ఒడ్డున రంగనాథస్వామి గాలిగోపురం, ఒంగోలు గిత్తలు, కోతకు వచ్చిన వరిచేలు ఈ ప్రాంతపు చిత్రకారులు గీసి నేరుగా మాకు ఇచ్చేవి. తామర కొలనులు, గోవులు, ధ్యానంలో ఉన్న బుద్ధుడు వంటివి వేరే రాష్ట్రంలోని ఒక సరఫరాదారు ద్వారా తెప్పించేవాళ్లము. ఆయన పేరు ఇక్కడ రాయము. ఇన్నేళ్లుగా ఆయన పంపినవి చేతితో గీసినవే, బిల్లులు కూడా ఆ ప్రకారమే ఉండేవి.

ఈసారి కావలి నుంచి ఒకరు, ఒంగోలు నుంచి మరొకరు అదే తామర కొలను చిత్రాన్ని కోరారు. ఒకే చిత్రకారుడు ఒకే నమూనాను రెండుసార్లు గీసినా ఒకదానిలో రేకు అంచు పలచబడుతుంది, మరొకదానిలో చిక్కబడుతుంది; ఆకు మీద వేసిన తెల్లని మెరుపు వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. పెట్టె విప్పి ఆ రెండింటినీ పక్కపక్కన నిలబెడితే, కుడివైపు మూలలో కుంచె విదిలించినప్పుడు పడినట్టున్న నీలి తుంపరలతో సహా రెండూ ఒక్కటే. ఏ చేయీ తుంపరలను రెండుసార్లు ఒకే చోట పడవేయలేదు.

తాకి చూస్తే మాత్రం కుంచె గరుకు వేళ్లకు తగులుతోంది. మోసమంతా ఆ గరుకులోనే ఉంది. కాన్వాస్ మీద యంత్రంతో ప్రింటు తీసి, దాని పైన పారదర్శకమైన జెల్‌ను ముతక కుంచెతో పూస్తే, ఆరిన తరువాత అది రంగు పొరలాగే ఎత్తుపల్లాలుగా నిలుస్తుంది. గది దీపాలు ఆర్పి, సెల్‌ఫోను టార్చిని పక్క నుంచి ఏటవాలుగా వేసి చూశాము. అసలైన చిత్రంలో కుంచె జాడ రేకు వెంట, ఆకు అంచు వెంట తిరుగుతూ, రంగు మారిన చోట తానూ మారుతుంది. ఇక్కడ జెల్ గీతలు రేకును దాటి నీటిలోకి, నీటిని దాటి ఆకాశంలోకి, కింద ఏముందో పట్టనట్టుగా సాగిపోయాయి. నగల పనివారి దగ్గర ఉండే పదిరెట్ల భూతద్దంతో చూస్తే రేకులోని గులాబీ రంగు సన్నని వేరువేరు రంగుల చుక్కలుగా విడిపోయింది. చేతితో కలిపిన రంగును ఆ భూతద్దంతో చూసినా అది రంగు ముద్దగానే కనిపిస్తుంది తప్ప అలా వేరువేరు రంగుల చుక్కలు కట్టదు. కింద ఉన్న చిత్రకారుడి సంతకం కూడా చుక్కలే.

అప్పుడు బిల్లు తీశాము. వివరం రాసే చోట చేతితో గీసిన కాన్వాస్ చిత్రం అనే ఉంది. పక్కనే జీఎస్టీ కోసం సరుకు రకాన్ని బట్టి వేసే హెచ్‌ఎస్‌ఎన్ సంఖ్య మాత్రం 4911. పూర్తిగా చేతితో గీసిన చిత్రాలకు ఆ సంఖ్యల పట్టికలో 9701 అనే వేరు శీర్షిక ఉంది. 4911 కిందకు వచ్చేవి అచ్చు వేసిన బొమ్మలు, ఫోటోలు. పన్ను శాఖకు నిజం చెప్పి, మాకు అబద్ధం చెప్పారన్నమాట. పాత బిల్లులన్నీ తిరగవేశాము. వాటిలో ఉన్నది 9701 మాత్రమే.

ఫోను చేస్తే ఆయన కాదనలేదు. ఈ మధ్య అందరూ ఇవే తీసుకుంటున్నారని, కావాలంటే ధరలో కొంత తగ్గిస్తానని చెప్పి, చివరికి "అయినా నెల్లూరులో భూతద్దం పెట్టి చూసేదెవరండీ" అన్నారు. డబ్బు చిక్కుకుపోయిన బాధ కంటే ఈ మాట మమ్మల్ని ఎక్కువగా కోసింది. వెంకటగిరి చీరను వెనక్కి తిప్పి, అది చేతి మగ్గం మీద నేసినదో మరమగ్గం మీద నేసినదో చెప్పగలిగే ఇల్లాళ్లు ఉన్న జిల్లా ఇది. మొలగొలుకుల బియ్యాన్ని గింజ చూసి పోల్చుకున్న పెద్దలు ఉన్న ఊరు ఇది. మా దుకాణానికి వచ్చి, ఒక చిత్రం ముందు గంటసేపు కుర్చీ వేసుకుని కూర్చుని, మరునాడు ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వచ్చి మళ్లీ చూసి, అప్పుడు కొనేవారిని ఆయన ఎన్నడూ చూడలేదు. చూడనివారి గురించి అంత తేలికగా మాట్లాడడం మాకు మింగుడుపడలేదు.

సరుకు వెనక్కి తీసుకోనని, ధర తగ్గింపు ఒక్కటే చేస్తానని ఆయన అన్నారు. ఇక ఏమి చేయాలన్నదే మమ్మల్ని చాలా రాత్రులు నిద్రపోనివ్వని ప్రశ్న. మా మేలు కోరేవారు ఇచ్చిన సలహా ఒక్కటే: ప్రింటు అని అట్ట మీద రాసి ప్రింటు ధరకే అమ్మండి, అందులో అబద్ధం ఏముంది అని. ఆ మాటను మేము తేలికగా తోసివేయలేదు. తామర కొలను కోసం నెలనెలా కొంత కట్టుకుంటూ వస్తున్న ఒక బడి పంతులమ్మగారు ఉన్నారు. ప్రింటు ధరకైతే ఆమె ఆ వారమే ఇంటికి తీసుకువెళ్లేవారు. ప్రింటు అనేది నీచమైన వస్తువని కూడా మేము అనుకోము. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు యంత్రాలు పెట్టించి, తన లక్ష్మీ సరస్వతులను ఓలియోగ్రాఫులుగా, అంటే ఆయిల్ చిత్రాల్లా కనిపించే రంగుల అచ్చు ప్రతులుగా ముద్రించి సామాన్యుల గోడల మీదికి చేర్చారు. మన తాతల ఇళ్లలో పూజగదిలో ఉన్నది ఆ ముద్రణలే. వాటికి దండం పెట్టిన చేతులు తక్కువవి కావు.

కాని రవివర్మ తన చిత్రాన్ని తానే అచ్చు వేయించారు, అచ్చు అని చెప్పే అమ్మారు. మాకు వచ్చిన వాటి మీద ఉన్న జెల్ గీతలకు, అచ్చు సంతకానికి వేరే ప్రయోజనం ఏదీ లేదు. చూసేవారు చేతిపని అని నమ్మడానికే అవి ఉన్నాయి. మేము వెనక అంటించే చీటీ మా దుకాణం గడప దాటే వరకే పనిచేస్తుంది. మీరు దానిని ఎవరికైనా కానుకగా ఇచ్చినా, పిల్లల కాలంలో చేతులు మారినా, చీటీ ఊడిపోయి గరుకూ సంతకమూ మాత్రమే మిగులుతాయి. పైగా ఆ కొలనును మొదట గీసినది ఎవరని అడిగితే ఆ చిత్రకారుడి పేరును సరఫరాదారు చెప్పలేకపోయారు. చిత్రం అమ్ముడైనంత మాత్రాన దాని ప్రతులు తీసే హక్కు కొన్నవారికి రాదు. వ్రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప ఆ హక్కు చిత్రకారుడి దగ్గరే ఉంటుంది. పేరు కూడా తెలియని ఆ మనిషిని ఎవరైనా అనుమతి అడిగారని మేము ఎలా అనుకోగలము? మా దగ్గర చిత్రాలు పెట్టే చిత్రకారులకు ముఖం చూపించి, వారి చిత్రాలు ఉన్న గోడ మీదే వీటిని ఎలా వేలాడదీయగలము?

అందువల్ల మొత్తం సరుకును మా ఖర్చుతోనే లారీకి వేసి వెనక్కి పంపాము. అందులో కొన్ని నిజంగా చేతితో గీసినవే. భూతద్దం కింద అవి నిలిచాయి. వాటినీ ఉంచుకోలేదు. అది వ్యాపారపు లెక్కకు నిలవని పంతమని ఇంట్లోవారు అన్నారు. పంతమే, కాని మా ఊరి కళ్లను అంత చులకన చేసినవారి చేతి సరుకు మా గోడ మీద ఉండకూడదని నిర్ణయించుకున్నాము. ఆ డబ్బు ఇంకా తిరిగి రాలేదు. అది వచ్చినా రాకపోయినా మీ అడ్వాన్సులతో దానికి సంబంధం లేదు.

ఇకపై మా దగ్గర ఉండే ప్రతి చిత్రమూ గీసినవారి చేతి నుంచి నేరుగా వచ్చినదే అయి ఉంటుంది. మీరు కోరిన తామరలనూ గోవులనూ మన చిత్రకారులే గీయడానికి ఒప్పుకున్నారు, అయితే వారు తమ పద్ధతిలో గీస్తారు. త్వరగా ఆరే యాక్రిలిక్ రంగులలో కోరినవారికి పండుగకు కాస్త అటూ ఇటూగా అందుతాయి. ఆయిల్ పెయింటింగు కోరినవారు ఉగాది వరకు ఓపిక పట్టాలని మనవి. ఆయిల్ రంగులోని అవిసె నూనె నీటిలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. ఈ వానల కాలపు చెమ్మలో అది ఇంకా ఆలస్యమవుతుంది. పైకి ఆరినట్టు ఉన్నా లోపలి పొరలు గట్టిపడడానికి నెలలు పడతాయి కాబట్టి, చివరి వార్నిష్‌ను ఆరు నెలలు దాటిన తరువాత మేమే మీ ఇంటికి వచ్చి వేస్తాము, దానికి వేరుగా తీసుకునేది ఏమీ లేదు.

ఇక్కడి చేతిపనికి మాకు పడే ఖర్చు పాత సరుకు కంటే ఎక్కువే. అయినా అడ్వాన్సు ఇచ్చినవారికి ఒప్పుకున్న ధరే వర్తిస్తుంది, తేడా మేము భరిస్తాము. పంతులమ్మగారి వాయిదాలు కూడా ఉన్నట్టే కొనసాగుతాయి. కొత్తగా కోరేవారికి ధర పెరుగుతుంది. అది దాచడం లేదు.

ప్రతి చిత్రంతో పాటు గీసినవారి పేరు, సంవత్సరం, వాడిన రంగు, కొలతలు, ముందు వెనకల ఫోటోలు ఉన్న కాగితాన్ని చిత్రకారుడి సంతకంతో ఇస్తాము. దానిని భద్రపరచండి. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 53ఎ సెక్షన్ ప్రకారం, అసలు చిత్రం పదివేల రూపాయలకు మించి తిరిగి అమ్ముడైనప్పుడు, మొదటి హక్కుదారు అయిన చిత్రకారుడికి లేదా ఆయన వారసులకు ఆ ధరలో వాటా పొందే హక్కు ఉంది. ఎవరు గీశారన్నది కాగితం మీద లేకపోతే ఆ హక్కు గాలిలో కలిసిపోతుంది.

అడ్వాన్సు వెనక్కి కావలసినవారు దుకాణానికి వచ్చినా ఫోను చేసినా అదే రోజు తిరిగి ఇచ్చేస్తాము, కారణం అడగము. ఇంతకుముందు ఆ సరఫరాదారు ద్వారా వచ్చిన చిత్రం మీ ఇంట్లో ఉండి మనసులో సందేహం ఉంటే, తీసుకురండి. మీ కళ్ల ముందే టార్చి వేసి, భూతద్దం మీ చేతికే ఇస్తాము. అది ప్రింటు అని తేలితే మీరు ఆనాడు కట్టిన ధర మొత్తం చెల్లిస్తాము. బిల్లు పోయినా ఫరవాలేదు, మా ఖాతా పుస్తకంలో మీ పేరు ఉంటుంది.