గర్భసంచి జారితే ఆపరేషన్ ఒక్కటే కాదు

సంపాదకులకు,

ముట్లు ఆగాక గర్భసంచి జారితే చాలామంది ఆడవాళ్లు సిగ్గుతో ఏళ్లతరబడి ఓర్చుకుంటారు, లేదంటే ఆపరేషన్‌కు ఒప్పుకుంటారు. జారిన గర్భసంచిని పైకి ఆపేందుకు యోనిలో అమర్చే సిలికాన్ రింగు, అంటే పెసరీ, ఉందని ముందే చెప్పేవారు తక్కువ.

సైజు కుదరడమే అసలు పని. రింగును మడిచి, జెల్లీ రాసి లోపల పెడతారు. అది తెరుచుకుని ఒకవైపు గర్భసంచి మూతి వెనక, మరోవైపు జఘనాస్థి (పొత్తికడుపు కింద ముందువైపు ఉండే ఎముక) వెనక ఆనుతుంది. రింగుకీ యోని గోడకీ మధ్య ఒక వేలు దూరాలి. బిగువైతే నొప్పి, పుండు, మూత్రం ఆగిపోవడం. వదులైతే కాస్త ముక్కితే చాలు, జారిపోతుంది. అందుకే దగ్గి, గొంతుక్కూర్చుని, నడిచి, మూత్రానికి వెళ్లి చూశాకే ఇంటికి రావాలి. నిలవకపోతే సైజు మార్చమని అడగండి, వెంటనే పద్ధతినే వదిలేయకండి.

ఈ వయసులో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను తగ్గి యోని గోడ పలచబడుతుంది, రింగు ఒరుసుకుంటుంది. డాక్టరు రాస్తే ఈస్ట్రోజన్ క్రీము సాధారణంగా మొదటి 2 వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి 2 సార్లు వాడతారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

సొంతంగా తీసుకోగలిగినవారు వారానికోసారి రాత్రి తీసి, సబ్బుతో కడిగి, పొద్దున పెట్టుకోవచ్చు. చేతకానివారు 3 నుంచి 6 నెలలకోసారి ఆసుపత్రిలో తీయించి చూపించుకోవాలి. పెట్టించుకుని మరచిపోతే పెద్ద ముప్పు: రింగు గోడలోకి దిగబడి మూత్రాశయానికో పేగుకో రంధ్రం పడవచ్చు. రక్తం కనిపిస్తే రింగు వల్లేలెమ్మని ఊరుకోకూడదు, గర్భసంచికి పరీక్ష చేయించాలి. మలబద్ధకం తగ్గించుకోకపోతే సరైన సైజు రింగు కూడా జారవచ్చు.

జిల్లా ఆసుపత్రుల్లో అన్ని సైజులూ ఉంచాలి. సైజు, పెట్టిన తేదీ, మళ్లీ రావాల్సిన తేదీ రాసిన కార్డు ప్రతి ఒక్కరికీ ఇవ్వాలి.

– స్త్రీవ్యాధుల విభాగం నర్సులు, వరంగల్