గడ్డకట్టిన కారు డోర్ మీద వేడినీళ్లు పోయొద్దు

సంపాదకులు గారికి, నమస్కారం.

మంచు ప్రాంతాలకు టూర్ పోయేవాళ్ల కోసం ఈ మధ్య మీ పేపర్లో వేసిన సూచనల్లో, కారు డోర్ గడ్డకట్టి తెరుచుకోకపోతే వేడినీళ్లు పోయమని రాశారు. దయచేసి ఆ మాట సరిదిద్దండి. నేను అనంతపురంలో కార్ల షెడ్డు నడుపుతాను. మనాలికో కశ్మీర్‌కో పోయొచ్చిన బండ్లు ఇప్పుడు మా దగ్గరికి కూడా రిపేరుకు వస్తున్నాయి, వేడినీళ్లు ఏం చేస్తాయో కళ్లారా చూస్తున్నాను కాబట్టే రాస్తున్నా.

అనంతపురంలో ఉండి మంచు గోల మనకెందుకని కొందరు అనొచ్చు. మన ఊరి పక్కన పోయే 44వ నంబర్ హైవే ఎక్కితే అదే రోడ్డు శ్రీనగర్ దాకా పోతుంది. 2020 అక్టోబర్‌లో అటల్ టన్నెల్ తెరిచాక, అంతకుముందు చలికాలంలో దారి మూసుకుపోయే లాహౌల్ లోయ వైపు కూడా మనాలి నుంచి మామూలు కార్లు పోతున్నాయి. కశ్మీర్లో డిసెంబర్ 21 నుంచి దాదాపు జనవరి నెలాఖరు దాకా 40 రోజులను చిల్లై కలాన్ అంటారు, దాల్ సరస్సు మీద మంచు పలకలు కట్టేంత చలి, సరిగ్గా మనకు క్రిస్మస్, సంక్రాంతి సెలవులు దొరికేదీ అప్పుడే. ఇక అమెరికా, కెనడాలో పిల్లలున్న ఇళ్ల సంగతి వేరే చెప్పాలా?

అసలు జరిగేది ఇది. పగలు కారు మీద పడిన మంచు కరిగి ఆ నీళ్లు రెండు చోట్ల చేరతాయి, ఒకటి తాళంచెవి పెట్టే రంధ్రం, రెండోది డోర్ చుట్టూ ఉండే బీడింగ్ రబ్బరుకూ బాడీకీ మధ్య సందు. రాత్రి సున్నా డిగ్రీల కిందికి పడిపోగానే ఆ నీళ్లు గడ్డకడతాయి. పొద్దున రిమోట్ నొక్కితే లోపల లాక్ టక్కుమని తీసుకున్న శబ్దం వినిపిస్తుంది కానీ డోర్ రాదు, అంటే అంటుకున్నది రబ్బరు. అక్కడే మనవాళ్లు కోపంతో హ్యాండిల్ పట్టి గుంజుతారు, ఆ ప్లాస్టిక్ హ్యాండిల్ చలికి పెళుసుగా ఉంటుంది కాబట్టి చేతికి ఊడొస్తుంది. గుంజకండి, ముందు అరచేతులతోనో భుజంతోనో డోర్‌ను లోపలికి గట్టిగా నెట్టండి, అంచుల వెంబడి మంచు పగులుతుంది, అప్పుడు మెల్లగా లాగితే వచ్చేస్తుంది. అదీ రాకపోతే మిగతా డోర్లు, డిక్కీ ప్రయత్నించండి, ఎండ తగిలిన వైపు డోర్ ముందు వదులుతుంది.

వేడినీళ్లు పోస్తే ఆ నిమిషానికి తెరుచుకున్నట్టే ఉంటుంది, ఆ నీళ్లే లాక్ లోపలికి దిగి కాసేపటికి మళ్లీ గడ్డకడతాయి, ముందుకంటే గట్టిగా. చల్లటి అద్దం మీద వేడి పడితే అద్దం పగిలే ప్రమాదం కూడా ఉంది. అట్లా తిరిగొచ్చిన బండి లాక్ ఒకటి విప్పి చూశాను, లోపల సన్నటి పిన్నులు, వాటి స్ప్రింగులు తుప్పు పట్టి, మన ఎర్ర దుమ్ముతో కలిసి బురద ముద్దలా అతుక్కుపోయి ఉన్నాయి. రిమోట్ వచ్చాక ఆ రంధ్రంలో తాళంచెవి పెట్టినవాళ్లే లేరు, సంవత్సరాల దుమ్మంతా అందులోనే, తడి తగిలితే అది పట్టి ఉంచుకుంటుంది.

లాక్ గడ్డకడితే వాడాల్సింది ఆల్కహాల్. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మైనస్ 89 డిగ్రీల దాకా గడ్డకట్టదు, గడ్డకట్టిన మంచు కరిగించడానికి డీ ఐసర్ అని అమ్మే స్ప్రేల్లో చాలావాటిలో ఉండేది ఆల్కహాలే. అది దొరక్కపోతే కరోనా నుంచి అందరిళ్లలో ఉన్న శానిటైజర్ పనికొస్తుంది, తాళంచెవికి పూసి రంధ్రంలో పెట్టి కాసేపు ఆగి, నెమ్మదిగా తిప్పాలి. ఆ సీసా కారు లోపల పెట్టి లాభం లేదు, జేబులోనో హోటల్ రూంలోనో ఉండాలి. తాళంచెవిని లైటర్‌తో వేడి చేయమని కూడా కొందరు చెబుతారు, ఇప్పటి తాళంచెవుల్లో చిప్ ఉంటుంది, అది కాలితే బండి స్టార్టే కాదు. పైగా శానిటైజర్ రాసిన చేత్తో లైటర్ వెలిగిస్తే చెయ్యి అంటుకుంటుంది, ఈ రెండూ కలిపి ఎవరూ ఎప్పుడూ చేయొద్దు. నోటితో ఊదడం కూడా వద్దు, ఊపిరిలోని తడి మళ్లీ లోపలే గడ్డకడుతుంది.

మనవాళ్లకు ఇంకో అలవాటు, తాళం బిగుసుకుంటే కొబ్బరినూనె చుక్క వేయడం. డిసెంబర్‌లో మన అనంతపురంలోనే సీసాలో కొబ్బరినూనె గడ్డకడుతుంది కదా, 24 డిగ్రీలు దాటి కిందికి వస్తే చాలు దానికి, ఇక మనాలిలో లాక్ లోపల ఏమవుతుందో ఆలోచించండి. గ్రీజు కూడా అంతే. బయలుదేరే ముందు లాక్‌లో గ్రాఫైట్ పొడి, డోర్ రబ్బర్లకు సిలికాన్ స్ప్రే కొట్టించుకోండి, ఖర్చు పెద్దగా కాదు.

స్మార్ట్ కీ ఉన్నవాళ్లు ఒక పని తప్పకుండా చేయాలి. చలికి రిమోట్‌లోని బటన్ సెల్ నీరసించి పనిచేయకపోవచ్చు, అప్పుడు దిక్కు ఆ రిమోట్ లోపల దాక్కుని ఉండే సన్నటి ఇనుప తాళంచెవే. అది ఎట్లా బయటికి తీయాలో, డ్రైవర్ డోర్ హ్యాండిల్ దగ్గర మూత కింద రంధ్రం ఎక్కడుందో చాలామంది ఓనర్లకు తెలియదు, బండి అమ్మేటప్పుడు చూపించేవాళ్లూ తక్కువే. ఇంటి ముందే ఒకసారి దానితో డోర్ తీసి చూసుకుని పోండి, పెద్దవాళ్లతో, పసిపిల్లలతో అక్కడ చలిలో నిలబడి నేర్చుకునే విషయం కాదిది.

లాక్‌తో సంబంధం లేకపోయినా ఇంకో రెండు మాటలు చెప్పక తప్పదు. గడ్డకట్టే చలిలో రాత్రి హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేయొద్దు, అదీ పట్టేస్తుంది, సమతలంలో నిలిపి గేర్లో పెట్టి చక్రాలకు రాళ్లు పెట్టండి. మన దగ్గర రేడియేటర్‌లో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసి తిప్పే బండ్లు చాలానే ఉన్నాయి, అట్లాంటి బండి మంచులో ఒక్క రాత్రి నిలబడితే నీళ్లు గడ్డకట్టి ఉబ్బి ఇంజన్ బ్లాకే పగలొచ్చు.

సవరణ మొదటి పేజీలో వేయమని అడగడం లేదు, ఆ సూచనలు వచ్చిన చోటే, సెలవుల ప్రయాణాలు మొదలుకాకముందే వేయండి.

ఇట్లు,
ఒక కార్ మెకానిక్,
అనంతపురం