శనివారం కాగితంలో ఆయమ్మకూ వంట అక్కలకూ చోటుండాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయి. సెలవులకు ముందు వచ్చే నాలుగైదు వారాలు ప్రాథమిక పాఠశాలల్లో ఎంత హడావుడిగా ఉంటాయో ఆ పని చేసేవాళ్ళకే తెలుసు. నేను విజయనగరం జిల్లాలో ఒక పల్లె బడికి ప్రధానోపాధ్యాయురాలిని. ఒకటి నుంచి అయిదు దాకా తరగతులు. టీచర్లం ఇద్దరమే. ఒక ఆయమ్మ, వంట చేసే అక్కలు ఇద్దరు. మాలాంటి బడుల్లో సిబ్బందికి వారం వారం సమాచారం ఎలా అందుతోంది, ఎలా అందాలి అన్నదాని మీద మీ పత్రిక ద్వారా అధికారులకూ తోటి టీచర్లకూ నాలుగు మాటలు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇప్పుడు బడికి సమాచారం అంటే వాట్సాప్. మండలం హెచ్‌ఎంల గ్రూపు ఒకటి, చుట్టుపక్కల బడులన్నీ కలిసిన స్కూల్ కాంప్లెక్స్ గ్రూపు ఒకటి, మధ్యాహ్న భోజనానికి ఒకటి, చదవడం, లెక్కల కార్యక్రమానికి ఇంకొకటి. ఒకే కబురు అన్నిట్లోనూ వస్తుంది. దాని పైన ‘మోస్ట్ అర్జెంట్’ అని ఉంటుంది, కింద ‘సాయంత్రం 4 గంటల లోపు’ అని ఉంటుంది. ఇచ్చేస్తే మర్నాడు అదే వివరం ఇంకో రెండు కాలమ్స్ కలిపి మళ్ళీ అడుగుతారు. డిసెంబర్ వచ్చేసరికి ఇది రెట్టింపవుతుంది. సెలవులు ఇచ్చేలోగా మార్కులు, ఫొటోలు, లెక్కలు అన్నీ ఎక్కించేయాలని పై నుంచి కింద దాకా అందరికీ తొందర.

ఈ తొందర తరగతి గదిలో ఎవరి మీద పడుతుందో చెప్తాను. రెండో తరగతిలో ఒక పిల్ల ఒత్తులున్న మాటలు మొన్నమొన్ననే కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది. ‘చెట్టు కొమ్మ మీద’ దాకా వచ్చింది. ఫోన్ మోగింది. ఆ పిల్ల వేలు ‘మీద’ అన్న మాట మీద పెట్టి, తీయకుండా నా ముఖం చూస్తూ నిలబడింది. అవతల అడిగింది బడిలో బెంచీలు ఎన్ని అని. జూన్‌లో ఇచ్చాం, దసరా ముందు ఇచ్చాం. అవి అంతకంటే పెరగలేదు, తగ్గలేదు. నేను జవాబు చెప్పి తిరిగేసరికి పిల్ల ధైర్యం పోయింది. మళ్ళీ మొదటి అక్షరం నుంచి ఎత్తుకుంది. ఇద్దరే టీచర్లున్న బడిలో ఒకరు మీటింగ్‌కి వెళ్తే అయిదు తరగతులూ ఒకే గదిలో కూర్చుంటాయి. అప్పుడు ఇలాంటి ఫోన్ వస్తే చదువు అక్కడితో ఆగిపోతుంది.

మా బడిలో మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. శనివారం మధ్యాహ్నం పిల్లలు వెళ్ళిపోయాక అరగంట సేపు వరండాలో కూర్చుంటాం. ఇద్దరు టీచర్లం, ఆయమ్మ, వంట అక్కలు. వచ్చే వారం ఏముందో నేను ఒక పొడుగు కాగితం మీద తెలుగులో రాసుకొస్తాను. ఆయమ్మకు చదువు రాదు, అక్కల్లో ఒకామె కూడబలుక్కుని చదువుతుంది, అందుకని పైకి చదివి వినిపిస్తాను. తర్వాత ఆ కాగితం ఆఫీసు బీరువా తలుపుకి అంటిస్తాం. దాని ఫొటో తల్లిదండ్రుల కమిటీ చైర్మన్‌కి వెళ్తుంది. విద్యా హక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. బడిలో వచ్చే వారం ఏం జరగబోతోందో ముందే తెలియకపోతే వాళ్ళు కమిటీలో ఉండి ఏం ప్రయోజనం?

సెలవుల ముందు వారాల్లో ఆ కాగితంలో ఏముంటుందంటే, పొద్దున మంచు ఎక్కువగా ఉంది కాబట్టి గట్టు దాటి వచ్చే పిల్లలు ఆలస్యమైతే గేటు దగ్గర నిలబెట్టొద్దు. దగ్గుతున్న పిల్లల పేర్లు రాసుకుని ఏఎన్‌ఎం వచ్చిన రోజు చూపించాలి. అయిదో తరగతి వాళ్ళకు భాగహారం ఇంకా పట్టు దొరకలేదు, ముగ్గుల పోటీ పేరు చెప్పి లెక్కల పీరియడ్ తీసెయ్యొద్దు. గాలిపటాలు కరెంటు తీగలకు చిక్కుకుంటే కర్రలతో తీయబోవద్దని రోజూ ప్రార్థన దగ్గర చెప్పాలి. గాలిపటాలకు కట్టే చైనా మాంజాను, అంటే నైలాన్ దారాన్ని, జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) 2017లోనే దేశమంతటా నిషేధించింది, ఎవరి దగ్గర కనపడినా తీసుకుని వాళ్ళ నాన్నకు చెప్పాలి. చెరువు గట్టు వైపు వెళ్ళొద్దని కూడా అలాగే చెప్పాలి. సెలవుల్లో మేం పక్కన ఉండం కదా.

ఇక వంటింటి సంగతి. సెలవుల ముందు అసలు టెన్షన్ అక్కడే. గుడ్లు విడతల వారీగా వస్తాయి. ఆ విడత సరిగ్గా సెలవులిచ్చే ముందు రోజు దిగితే ఏం చేయాలి? పోయినేడు ఈ ప్రశ్న వేసింది వంట అక్కే. ‘‘మేడమ్‌గారూ, రేపు గుడ్లు దింపేసి ఎల్లిపోతే పండగయ్యే దాకా ఏటి సెయ్యాలండి?’’ అంది. అప్పటికి సెలవులకు ఇంకా వారం ఉంది. సరఫరా చేసేవాళ్ళకు ఫోన్ చేసి, ఉన్న రోజులకు సరిపడా మాత్రమే దించమని చెప్పగలిగాం. గుడ్డు మీద వేసే రంగు ముద్ర చూసి ఏది పాత విడతో, ఏది కొత్తదో అక్కలు ఒక్క చూపులో చెప్పేస్తారు. పాతవి ముందు వండాలని నేను కాగితంలో రాసేలోపే వాళ్ళు వేరు చేసి పెడతారు. బియ్యం బస్తాలు నేల మీద ఉంటే పందికొక్కులు కొడతాయి, బల్ల మీదకి ఎక్కించాలి. చిక్కీల అట్టపెట్టెకు చీమలు పడతాయి, మూత ఉన్న డబ్బాలోకి మార్చాలి. సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ తీసేసి గది తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో పేరుతో సహా రాయాలి. నీళ్ళ ట్యాంకు ఖాళీ చేసి మూత బిగించాలి, బడి తెరిచే ముందు రోజు కడిగి నింపాలి. ఇవన్నీ చేసేది ఆయమ్మ, వంట అక్కలు. ఏ గ్రూపులోనూ లేనిది కూడా వాళ్ళే.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వైపు కూడా వానలు పట్టాయి. సెలవు కబురు ఫోన్లలో వచ్చింది. మాకు తెలిసిన ఒక బడిలో ఆయమ్మకు ఆ కబురు చెప్పినవాళ్ళు లేరు. ఆవిడ పొద్దున్నే తడుస్తూ వచ్చి, గేటు తీసి, వరండాలో నీళ్ళు ఎత్తిపోసి, పిల్లల కోసం చూస్తూ కూర్చుంది. పక్కింటాయన చెప్తే తొమ్మిదిన్నరకి ఇంటికి వెళ్ళింది. తుపాను సెలవు నిజంగా అత్యవసరమైన కబురు. అలాంటిది ఏ వేళలో వచ్చినా, ఎన్నిసార్లు వచ్చినా మాకు అభ్యంతరం లేదు. బెంచీల లెక్కకూ తుపాను సెలవుకూ ఒకే ఎర్ర అక్షరాలు పెడితే ఏది ముందు చూడాలో తెలియదు. పైగా ఫోన్ లేని మనిషికి రెండూ చేరవు.

శనివారం అరగంట వల్ల జరిగిన ఇంకో మేలు చెప్పకుండా ఉండలేను. మా ప్రాంతం నుంచి హైదరాబాద్‌కీ చెన్నైకీ కట్టడం పనులకు వెళ్ళేవాళ్ళు చాలామంది. ఎక్కడున్నా సంక్రాంతికి ఊరికి వస్తారు. ముక్కనుమ వెళ్ళాక తిరిగి బయల్దేరుతూ అప్పటిదాకా అమ్మమ్మ దగ్గర చదువుకుంటున్న పిల్లల్ని కూడా వెంటబెట్టుకుపోతారు. సెలవులయ్యాక మేం హాజరు పిలిచినప్పుడు ఆ పేరు దగ్గర పలుకు ఉండదు. వాకబు చేసేసరికి పిల్ల ఎక్కడో అపార్ట్‌మెంట్ కడుతున్న చోట రేకుల షెడ్డులో తమ్ముణ్ణి ఎత్తుకుని ఉంటుంది.

పోయినేడు మూడో తరగతి పిల్ల ఒకామె విషయంలో అదే జరగబోయింది. నాకు తెలియదు, మా సారుకీ తెలియదు. శనివారం అందరం కూర్చున్నప్పుడు వంట అక్క చెప్పింది. ‘‘ఆ పిల్లని పండగెల్లగానే అయిదరాబాదు తీసుకెల్లిపోతారట మేడం. అమ్మమ్మకి ఒంట్లో బాగోట్లేదు కదా, ఎవులు సూస్తారని’’ అంది. వాళ్ళిల్లు అక్క ఇంటికి రెండిళ్ళ అవతల. భోగి నాడు ఆ పిల్ల తండ్రి ఊళ్ళోకి రాగానే మా సారు, కమిటీ చైర్మన్ వెళ్ళి మాట్లాడారు. పిల్ల పిన్ని అదే ఊళ్ళో ఉంది, పరీక్షలయ్యే దాకా తను చూసుకుంటానంది. తండ్రి ఒప్పుకున్నాడు. పిల్ల ఇప్పుడు నాలుగో తరగతిలో ఉంది, ఎక్కాలు పదహారు దాకా చెప్తుంది. నేను పైకి పంపిన ఏ ఫార్మాట్‌లోనూ ‘పండగ తర్వాత బడి మానేలా ఉన్న పిల్లలు’ అనే కాలమ్ లేదు. వలస వెళ్ళేవాళ్ళ పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు నడిపే వీలు సమగ్ర శిక్ష పథకంలో ఉంది. ఆ పేర్లు డిసెంబర్‌లోనే తెలిస్తేనే కదా హాస్టల్ అడగగలం. పేర్లు తెలిసేది ఊళ్ళో మనుషుల ద్వారా. మా బడికి ఆ ఊరి మనుషులంటే వంట అక్కలు, ఆయమ్మ. మేం టీచర్లం సాయంత్రం బస్సెక్కి టౌన్‌కి వెళ్ళిపోతాం.

అందుకని అధికారులను నేను కోరేది ఇది. మండలం నుంచి వచ్చే మామూలు సమాచారమంతా వారానికి ఒకసారి, శుక్రవారం సాయంత్రానికి, ఒకే కాగితంగా తెలుగులో పంపండి. ఏ వివరం ఏ రోజుకు కావాలో అందులోనే రాయండి. ఒకసారి ఇచ్చిన లెక్క మారితేనే మళ్ళీ అడగండి. ‘అత్యవసరం’ అనే మాటను తుపానుకూ, పిల్లల ఆరోగ్యానికీ, సెలవు మార్పులకూ ఉంచండి. పాఠాలు జరిగే వేళలో ఫోన్ చేసి లెక్కలు అడగకండి. కింది అధికారుల మీద కూడా పై నుంచి ఇదే ఒత్తిడి ఉంటుందని నాకు తెలుసు. మా మండలంలో సీఆర్పీలు, అంటే కొన్ని బడులకు కలిపి ఉండే క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు, రాత్రి పది దాకా ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు, వాళ్ళకూ ఇళ్ళున్నాయి, పిల్లలున్నారు. శుక్రవారం కాగితం వస్తే వాళ్ళకూ ఊపిరాడుతుంది.

విద్యా హక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తుల సహాయం, ఎన్నికల పనులు తప్ప చదువుకు సంబంధం లేని పనులకు టీచర్లను వాడకూడదని చెప్తోంది. అదే చట్టం షెడ్యూల్‌లో ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పని దినాలు, 800 బోధన గంటలు ఉండాలని ఉంది. టీచరుకు వారానికి 45 గంటలు, అందులో పాఠానికి సిద్ధపడే సమయం కూడా కలిసే ఉంటుంది. ఫొటోలు ఎక్కించడం కూడా చదువు పనే అని ఎవరైనా అనొచ్చు. కానీ ఎక్కించడానికి పోయే గంట ఆ 45లోంచే పోతుంది. వారంలో అరగంట సిబ్బంది కూర్చుని మాట్లాడుకోవడానికి అధికారికంగా ఇస్తే అదీ అందులోంచే ఇస్తారు, కాదనను. ఆ అరగంట వల్ల బడికి ఏం దొరుకుతుందో పైన చెప్పాను. ఆయమ్మలను, వంట చేసేవాళ్ళను కూడా అందులో కూర్చోబెట్టమని ఉత్తర్వుల్లోనే రాయాలి. లేకపోతే మీటింగ్ జరుగుతుంటే వాళ్ళు టీ తెచ్చి ఇచ్చి వెళ్ళిపోతారు.

తోటి హెచ్‌ఎంలకు ఒక మాట. ఉత్తర్వుల కోసం ఆగనక్కర్లేదు. ఒక కాగితం, ఒక అరగంట చాలు. మొదట్లో ఆయమ్మ మాట్లాడదు. ‘‘నాకేటి తెలుసమ్మా’’ అంటుంది. రెండు మూడు వారాలు ఆవిడ చెప్పినదాన్ని కాగితంలో ఎక్కించి, పైకి చదివి వినిపించండి. తర్వాత ఆవిడే బాత్రూమ్ తలుపు గడియ ఊడిందని, ఒకటో తరగతి పిల్లాడు మూడు రోజులుగా అన్నం వదిలేస్తున్నాడని ముందే చెప్తుంది.

ఈ ఏడాదికి చివరగా ఒక్కటి. పోయిన సంవత్సరాల్లో సెలవుల తేదీలు ఆఖర్న అటూ ఇటూ జరిగి, ఊళ్ళకు టికెట్లు చేయించుకున్న తల్లులు బడి చుట్టూ తిరిగారు. ఈసారి సెలవులు ఎప్పటి నుంచి, బడి తెరిచేది ఏ రోజు, సెలవుల్లో టీచర్లు పంపాల్సిన వివరాలు ఏమైనా ఉన్నాయా అన్న మూడింటినీ భోగికి కనీసం రెండు వారాల ముందు ఒకే కాగితంలో ఇవ్వాలని, ఒకసారి ఇచ్చాక సెలవుల్లో ఇంకేమీ అడగవద్దని కోరుతున్నాను. అది అందిన శనివారమే మా బీరువాకి అంటిస్తాం, కమిటీకి పంపుతాం, ఊరి రచ్చబండ దగ్గర చదువుతాం.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు,
విజయనగరం జిల్లా